యాప్ చేసి బస్తీకి వెళ్ళడమా, బస్తీతో కూర్చుని యాప్ చేయడమా?

మూసీ ఒడ్డు బస్తీల్లో మనుషుల ఆరోగ్యాన్ని తాకే గాలి, మోత ఎంతో ఫోన్‌తోనే చాలావరకు కొలవచ్చు. జీపీఎస్ చోటు చెబుతుంది, యాక్సిలరోమీటర్ కదలికను పడుతుంది, మైకు మోతను కొలుస్తుంది. గాలిలోని సన్నని ధూళిని (పీఎం 2.5) కొలిచే చిన్న సెన్సార్ తోడైతే గాలి లెక్కా వస్తుంది.

యాప్‌ను ల్యాబ్‌లోనే పూర్తిచేసి పంచితే పని త్వరగా అవుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఏ సెన్సార్ వాడాలో తేలకముందే బస్తీవాళ్ళతో కూర్చుంటే నెలలు పడుతుంది, పని మానుకుని వచ్చినవాళ్ళకు ఆ రోజు కూలీ కూడా ఇవ్వాలి. అయినా నా ఓటు రెండోదానికే.

సర్వేకు తిరిగేటప్పుడు ఒక అక్క అడిగింది: "పొద్దున ఫోన్ నా దగ్గర ఉండదు తమ్మీ, బిడ్డ కాలేజీకి తీస్కపోతది. మరి అండ్ల ఎవరి నడక ఎక్కుతది?" ఆమె నాలుగిళ్ళలో పాచిపని చేస్తుంది. మా డేటాలో మాత్రం రోజంతా క్లాసులో కూర్చున్నట్టు కనిపించేది. తర్వాత ఎంత శుద్ధి చేసినా ఆమె నడిచిన దారి ఆ ఫైల్లో దొరకదు.

మైకు అంటే ఇళ్ళల్లో టెన్షన్. మాటలు దాచకుండా, మోత ఎంతో ఫోన్‌లోనే లెక్కగట్టి ఆ అంకె ఒక్కటే పంపవచ్చు. ఆ భయం ముందే వింటే యాప్‌ను మొదటినుంచీ అలాగే కడతాం. ఆటో అన్నలకు బ్యాటరీ అయిపోతే గిరాకీ పోతుంది, కాబట్టి జీపీఎస్ అస్తమానం నడవకూడదు.

అన్నీ బస్తీయే తేల్చాలని కాదు. చవక పీఎం సెన్సార్లు లేజర్ వెలుగుతో ధూళిని లెక్కిస్తాయి, వానాకాలపు తేమకు ఎక్కువ చూపిస్తాయి. వాటిని ప్రామాణిక యంత్రం పక్కన పెట్టి సరిచేయడం ల్యాబ్ పనే. కానీ గాలి చెడిందని స్క్రీన్ ఎప్పుడు ఎర్రబడాలి? పీఎం 2.5కు 24 గంటల సగటు మీద మన దేశపు పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 15. ఆ గాలి పీల్చేవాళ్ళకు రెండూ వివరించి, ఏది చూపాలో వాళ్ళనే అడగాలి.

ఇద్దరు పెద్దమనుషులను పిలిచి సరే అనిపించుకుంటే చాలదా అంటారు కొందరు. చాలదు. వాళ్ళ ఫోన్లు వాళ్ళ జేబుల్లోనే ఉంటాయి.

నెలల సమయం లేకపోతే, కనీసం కాగితం మీద గీసిన స్క్రీన్లు పట్టుకుని, ఆ అక్క పని నుంచి తిరిగొచ్చే వేళకు వెళ్ళండి. కోడ్ ఆ తర్వాత రాయవచ్చు.