తక్కువ బడ్జెట్‌లో రోడ్ బైక్ కట్టుకుంటుంటే వెనక చక్రం దగ్గర పిసినారితనం వద్దు

ఫ్రేమ్ రంగు, గేర్ల సెట్టు, హ్యాండిల్ వంపు గురించి జనం గంటలకొద్దీ మాట్లాడతారు. చక్రాల దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఏదో ఒకటి వేయించు, తర్వాత చూద్దాం' అంటారు. నాకు ఆ మాట అస్సలు పడదు. 50 వేల లోపల బండి కట్టుకోవాలని కూర్చున్నప్పుడు బెంగళూరులో ఒకరి దగ్గర వాడిన స్టీలు ఫ్రేమ్ తీసుకున్నాను. గేర్లకు షిమానో కంపెనీ సోరా సెట్టుతో సరిపెట్టాను. మిగిలిన డబ్బులో పెద్ద వాటా చక్రాలకే పోయింది. రెండేళ్లు దాటింది. ఫ్రేమ్ మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ పుట్టలేదు. సోరా గురించి ఇప్పటికే అందరూ రాసేశారు. కాబట్టి వెనక చక్రం సంగతే చెప్తాను.

హబ్ (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) షిమానో టియాగ్రా ఆర్‌ఎస్400, 32 రంధ్రాలది, అంటే 32 పుల్లలు. డబుల్ వాల్ అల్యూమినియం రిమ్ము, తల దగ్గర వంపు ఉన్న గుండ్రటి స్టీలు పుల్లలు (స్పోకులు), వాటిని రిమ్ముకు బిగించే చిన్న ఇత్తడి నట్లు, అంటే నిపుల్స్. చూపులకు ఆనదు. మా జట్టులో ఒకాయన దీన్ని చూసి "ఏంది సార్, పాలబండి చక్రం తగిలించినారే" అన్నాడు. ఆయనవి 20 చదును పుల్లలున్న కంపెనీ చక్రాలు. చంద్రగిరి దగ్గర అందులో ఒక్కటి తెగింది. ఉన్నవే ఇరవై కాబట్టి రిమ్ము ఒక్కసారిగా పక్కకు లాగి ఫ్రేమ్‌కు రాసుకుంది. బండి తిరుపతికి ఆటోలో వచ్చింది. ఆ రకం పుల్ల ఇక్కడ ఎక్కడా లేదు. కొరియర్‌లో వచ్చేదాకా వారాల తరబడి బండి గోడకు ఆనుకునే ఉంది.

నాకూ తెగింది. భాకరాపేట ఘాట్‌లో, ఎర్రచందనం అడవి మధ్య, చిన్న గేరులో ఎక్కుతుంటే వెనక నుంచి టంగుమని శబ్దం. దిగి చూస్తే ఎడమవైపు పుల్ల ఒకటి హబ్ దగ్గర, సరిగ్గా వంపులో తెగి వేలాడుతోంది. చక్రం ఊగుతోంది గానీ తిరుగుతోంది. తెగిన పుల్లను పక్క పుల్లకు చుట్టేసి, బ్రేకు మీదుండే చిన్న లివరు ఎత్తి రబ్బరు తగలకుండా వదులు చేసి, ముందు బ్రేకును నమ్ముకుని ఘాట్ ఎక్కేశాను. 32లో ఒకటి పోతే ఇంటికి చేరొచ్చు అని వినడమే గానీ, అది నిజమని ఆ రోజే చూశాను.

భాకరాపేటలో అడిగితే ఒక సైకిల్ షాపు చూపించారు. లోపల పిల్లల సైకిళ్లు, రెండు పాత పెద్ద సైకిళ్లు. షాపాయనకు అరవై పైనే ఉంటాయి.

"పెద్దాయనా, ఈ సైజు పుల్ల ఉంటుందా?"

"ఈ సైజు యాడుంటాది నాయనా. ఉండు, చేద్దాం."

పాత సైకిల్ పుల్ల ఒకటి తీశాడు. అది నా చక్రానికి పొడుగు. మర ఉన్న కొసను ముట్టుకోకుండా తల వైపు కత్తిరించి, ఆ కొసను పట్టకారుతో కొక్కెంలా వంచి హబ్ రంధ్రంలోకి దూర్చాడు. పాత నిపుల్‌లో మరలు చక్కగా కూర్చున్నాయి. టైరు విప్పలేదు, కాసెట్ (హబ్‌కు కుడివైపుండే గేరు పళ్లచక్రాల గుత్తి) విప్పలేదు. తర్వాత పుల్లలను వేలితో ఒక్కొక్కటే మీటుకుంటూ పోయి, "కట్టినోడు బెండు తీసినాడు గానీ బిగువు చూసుకోలేదు. ఎడం పక్కంతా లొడలొడా అంటాండాది" అన్నాడు.

ఎడమ, కుడి మధ్య తేడా ఉండాల్సిందే. కాసెట్‌కు చోటు కావాలి కాబట్టి హబ్ కుడి అంచు లోపలికి జరిగి ఉంటుంది, అందుకే కుడి పుల్లలు ఎక్కువ బిగువుగా ఉంటాయి. కానీ నా ఎడమ పుల్లలు మరీ వదులు. పుల్ల చాలావరకు బరువు ఎక్కువై తెగదు. చక్రం తిరిగేటప్పుడు నేలవైపు వచ్చిన ప్రతి పుల్లా ఒక క్షణం బిగువు కోల్పోతుంది. ముందే వదులుగా ఉన్నది వంపు దగ్గర కదలడం మొదలుపెడుతుంది. 28 మిల్లీమీటర్ల టైరుతో కిలోమీటరుకు 470 సార్ల దాకా ఇదే తంతు. చివరికి లోహం అలిసిపోయి తెగుతుంది. పెద్దాయన ఎడమవైపంతా కొంచెం కొంచెంగా బిగించి, పుల్లలను జతలు జతలుగా రెండు చేతుల్తో పట్టి గట్టిగా నొక్కాడు. చిటపటమని సర్దుకున్నాయి. మళ్లీ బెండు తీశాడు. చక్రం కట్టినప్పుడే చేయాల్సిన పని ఇది. చెన్నైలో మంచి పేరున్న షాపుకు ఇంత మజూరీ ఇచ్చి కట్టిస్తే ఆ నొక్కుడు కూడా నొక్కలేదు. నాకు ఇప్పటికీ మండుతుంది. పెద్దాయన తీసుకున్నది ఆ మజూరీ పక్కన చెప్పుకోదగ్గదే కాదు.

ఆ కొక్కెం పుల్ల ఊరు చేరేదాకా చాలనుకున్నాను. నెలలు లాగింది. అయితే ఎడమవైపే ఇంకొకటి ఈలోగా తెగింది. అప్పటికే అలిసిపోయిన పుల్లలు బిగించినంత మాత్రాన కొత్తవి కావు కదా. చివరికి ఎడమవైపు మొత్తం మార్పించాను, అప్పటినుంచి గొడవ లేదు.

'ఈ చక్రాన్ని రోడ్డు పక్కన ఎవరైనా బాగుచేస్తారు' అని చాలామందికి చెప్పాను. అది ఎడమవైపు పుల్లకు నిజం. కుడివైపుది తెగితే కాసెట్ విప్పాలి, ఆ టూలు పల్లెటూరి షాపులో ఉండదు. పెద్దాయన చేసిన కొక్కెం ఉపాయం కుడివైపు పనిచేస్తుందో లేదో ఇంకా చూడలేదు, చూడాలని కోరికా లేదు. రెండు కొలతల్లో స్టీలు పుల్లలు ఫ్రేమ్‌కు టేపుతో అంటించి తిరుగుతున్నాను. టైరు సంగతీ అంతే. మన పాత సైకిళ్ల 28 ఇంచీల రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు, రోడ్ బైక్‌కు వేసే 700సి రిమ్ముది 622. కాబట్టి టైరు చినిగితే ఊళ్లో దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. సన్న వాల్వుకు వేసే ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే గాలి మాత్రం ఏ పంక్చర్ షాపులోనైనా కొట్టించుకోవచ్చు.

హబ్ లోపల కోన్లు (గోళీలను అదిమిపట్టే శంకువు ఆకారపు నట్లు), విడి గోళీలే. వెనకవి పావు ఇంచీవి, పక్కకు తొమ్మిది, ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతాయి. కాకపోతే నవంబరు వానల్లో తిప్పితే గ్రీజు మార్చాలి. నిర్లక్ష్యం చేసి గోళీలు తిరిగే లోపలి కప్పుకు గుంటలు పడితే హబ్ పోయినట్టే.

నా బరువు 86 కిలోలు, నేను తిరిగేది పీలేరు వైపు, అటు పులిచెర్ల వైపు, స్పెషలిస్టు మెకానిక్ లేని దారులు. 60 కిలోలుండి బెంగళూరులో తిరిగేవాళ్లకు 24 పుల్లల కంపెనీ చక్రం హాయిగా ఉండొచ్చు, బరువు తగ్గుతుంది, ఎదురుగాలిలో తేడా కూడా తెలుస్తుందంటారు. నాలాంటి వాళ్లయితే వెనక 32కి తగ్గొద్దు, కట్టించిన రోజే ఎడమవైపు మీటి చూడండి. ముందు చక్రానికి 28 చాలనుకుంటా, దాని మీద పడే బరువే తక్కువ.