పాలు, వే ప్రొటీన్ మానేశాక నా మొటిమలు ఏమయ్యాయి

పాలు, వే ప్రొటీన్ పౌడర్ రెండూ మానేసి కొన్నేళ్లవుతోంది. గడ్డం మీద, దవడ వెంట ముట్టుకుంటేనే సలిపే గట్టి మొటిమలు ఇప్పుడు దాదాపు రావు. నెలసరి ముందు ఒకటీ అరా లేస్తాయి, అంతే. మాది గుడ్డు కూడా వండని ఇల్లు కాబట్టి, మనలాంటి వంటింట్లో ఇది ఎలా కుదురుతుందో రాస్తున్నాను.

ముప్పై దాటాక కూడా మొటిమలేమిటంటే మనవాళ్లు చెప్పేది ఒకటే, వేడి చేసిందని. మామిడిపండు, పల్లీలు, నువ్వులు మానమంటారు, వంకాయ దురదంటారు. ఒక్కొక్కటే వదిలి చూశాను, నాకేమీ తేడా కనబడలేదు. మొటిమ పైకి తేలకముందే చర్మం లోపల వారాల తరబడి తయారవుతూ ఉంటుందని చర్మం డాక్టరు చెప్పారు. అందుకే నిన్న తిన్న మామిడిపండుకీ ఇవాళ లేచిన మొటిమకీ ముడిపెట్టడం కుదరదు. ఆస్ట్రేలియాలో కుర్రాళ్లకు చక్కెర, మైదా లాంటివి తగ్గించి మొటిమలు తగ్గుతాయేమో చూసిన అధ్యయనం 2007లో వచ్చింది. తగ్గాయి, కానీ అది 12 వారాల పాటు సాగింది. వారం రోజులు మానేసి తేల్చేసే పని కాదిది. తిన్న వెంటనే దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా అది అలర్జీ కావొచ్చు. దానికి నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

నాకు దారి చూపింది వే ప్రొటీన్. జిమ్‌లో చేరి, అది రోజూ తాగడం మొదలెట్టాకే మొటిమలు ముదిరాయి. వే అంటే పాలు విరిగాక మిగిలే తేట నీళ్ల నుంచి తీసిన ప్రొటీనే. పాల ప్రొటీన్లు ఇన్సులిన్‌నీ, ఐజీఎఫ్-1 అనే హార్మోన్‌నీ పెంచుతాయి. ఆ రెండూ చర్మంలో జిడ్డు పెరగడానికి తోడ్పడతాయి. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. డాక్టరు మొటిమల మీద రాయమని ఇచ్చిన అడాపలీన్ జెల్ ఆపకుండా, వే, పాలు, వాటితో పాటు పెరుగు మానేశాను. రెండు నెలలు దాటాక ముఖం తేరుకుంది. తర్వాత పెరుగు మళ్లీ మొదలెట్టాను, ఏమీ కాలేదు. రాత్రిపూట గ్లాసుడు పాలు మొదలెడితే మాత్రం కొన్ని వారాలకే దవడ మళ్లీ మొదటికొచ్చింది. అందుకే పెరుగన్నం, నెయ్యి ఉంచుకున్నాను, పాలే వదిలేశాను. పెరుగు కూడా మానాల్సి వస్తే ఇన్నాళ్లు నిలబడేదాన్ని కాదు.

కష్టమల్లా కాఫీతోనే. సోయా పాలు పొగలు కక్కే డికాషన్‌లో పోస్తే విరిగి, పైన తెల్లటి తరకలు తేలతాయి. డికాషన్ కాస్త చల్లారనిచ్చి, గోరువెచ్చటి సోయా పాలలోకి దాన్ని కొద్దికొద్దిగా పోస్తే నిలుస్తుంది. రుచి మన కాఫీది కాదు, అలవాటవుతుంది. కొనేముందు లేబుల్ చూడండి, చాలా ప్యాకెట్లలో చక్కెర కలిపే ఉంటుంది. జిమ్‌కి బఠాణీ ప్రొటీన్ వాడుతున్నాను. నీళ్లలో కలిపితే ఇసుక తగిలినట్టుంటుంది, పల్చటి మజ్జిగలో ఉప్పు, జీలకర్ర పొడి వేసి కలిపితే తాగగలం.

వందకు పైగా పదార్థాలకు ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) పరీక్ష చేసి "మీకు పడనివి ఇవీ" అని జాబితా ఇచ్చే ల్యాబులున్నాయి. మా చెల్లెలు చేయించుకుంది. గోధుమ, కందిపప్పు, పెరుగు, అన్నీ రోజూ తినేవే వచ్చాయి. ఐజీజీ చూపేది ఒంటికి ఆ తిండి పరిచయమేనని, ఈ పరీక్షతో పడనివి తేల్చొద్దని అలర్జీ నిపుణుల సంఘాలు చెబుతూనే ఉన్నాయి. పప్పు కూడా మానేస్తే శాకాహారికి ఇక ప్రొటీన్ ఎక్కడిది? ఆ డబ్బు దండగ.

పాలు మానేవాళ్లు కాల్షియం సంగతి ముందే చూసుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా. కావాలంటోంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా. ఉంటుంది. నేను ఉదయం రాగి జావ, అన్నంలోకి నువ్వుల పొడి, పైన పెరుగుతో లాక్కొస్తున్నాను. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు మాత్రం డాక్టరునడక్కుండా పాలు మాన్పించకండి.

ఇంకొకటి విటమిన్ బి12. మనకది వచ్చేదే పాలు, పెరుగుల నుంచి, అందుకే మాత్రలో సూదులో అవసరం పడొచ్చు. ఎక్కువ మోతాదు బి12 కొందరికి మొటిమల్లాంటి పొక్కులు తెప్పిస్తుంది. సూదులు మొదలయ్యాకే ముఖం పాడైందనిపిస్తే మీ అంతట మీరు ఆపేయకుండా, వాటిని రాసిన డాక్టరుకూ చర్మం డాక్టరుకూ ఇద్దరికీ చెప్పండి.