హ్యామ్‌స్ట్రింగ్ కాపాడుకోవడానికి ఏది మేలు: లెగ్ కర్లా, నార్డికా, స్ప్రింట్లా?

టర్ఫ్‌లో ఫుట్‌బాల్ ఆడే తమ్ముళ్ళు తరచూ అడిగే మాట ఇది: "అన్నా, జిమ్‌లో లెగ్ కర్ల్ చేస్తూనే ఉన్నా. అయినా తొడ వెనక పట్టేస్తోంది. నార్డిక్ చేస్తే తగ్గుతుందా?" ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్ళు ముందు ఫిజియోకి చూపించుకోండి. నేను చెప్పేది గాయం రాకుండా చూసుకోవడం గురించి.

నా లెక్కలో దీన్ని తేల్చేది ఒక్కటే, హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, ఎప్పుడు చిరుగుతోందన్నది. చాలావరకు ఫుల్ స్పీడులో పరిగెత్తేటప్పుడు, ముందుకు విసిరిన కాలు నేలను తాకబోయే ముందు చిరుగుతుంది. అప్పుడది సాగుతూనే, దూసుకెళ్తున్న కాలికి బ్రేక్ వేస్తుంటుంది. అందుకే సాగుతూ బరువు ఆపే బలం కావాలి. మెషీన్ మీద మోకాలు మడుస్తూ బరువు లాగే లెగ్ కర్ల్‌లో చాలామంది లాగేటప్పుడే కష్టపడతారు, దించేటప్పుడు వదిలేస్తారు. అసలు పని జరగాల్సింది ఆ దించడంలోనే.

నార్డిక్‌లో అలా వదిలేసే వీలు తక్కువ. మోకాళ్ళ మీద నిలబడాలి, ఎవరో ఒకరు మడమల దగ్గర గట్టిగా పట్టుకోవాలి. తుంటి దగ్గర వంగకుండా, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి. ఇక ఆపలేం అనుకున్నప్పుడు చేతులు నేలకు ఆనించాలి. డెన్మార్క్‌లో 50 జట్లు, 942 మంది ఆటగాళ్ళతో దీన్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. నార్డిక్ చేసినవాళ్ళలో 15 హ్యామ్‌స్ట్రింగ్ గాయాలైతే, చేయనివాళ్ళలో 52. ఇంత తేడా చూశాక నా ఓటు దీనికే.

అయితే మొదటి వారాల్లో తొడలు బాగా నొప్పెడతాయి. అక్కడే చాలామంది మానేస్తారు. డెన్మార్క్‌లో మొదటి వారం ఒక్కరోజే, ఐదేసి చొప్పున రెండు సెట్లు చేయించారు. రెండో వారం రెండు రోజులు, మూడో వారం నుంచి మూడు రోజులు. పది వారాలయ్యాక వారానికి ఒక్కసారి. మీరూ అలాగే మొదలుపెట్టండి, ప్రాక్టీస్ అయ్యాకే చేయండి. మ్యాచ్ ముందురోజు మాత్రం వద్దు.

స్ప్రింట్లను నార్డిక్‌కు పోటీగా చూడను, తోడుగా చూస్తాను. నార్డిక్‌లో తుంటి కదలదు, పరుగులోని వేగమూ ఉండదు. పైగా ఐదుగురి టర్ఫ్‌లో పూర్తి వేగం అందుకునేలోపే నెట్ అడ్డొస్తుంది. ఎప్పుడూ అక్కడే ఆడి, ఒకరోజు పదకొండు మంది ఆడే పెద్ద గ్రౌండ్‌లో లాంగ్ బాల్ వెనక పరిగెత్తితే, ఆ వేగానికి కండరం అలవాటుపడి ఉండదు. వారానికొకసారి బాగా వార్మప్ అయ్యాక, పెద్ద గ్రౌండ్‌లో 30-40 మీటర్ల పరుగులు నాలుగైదు, మధ్యలో పూర్తి విశ్రాంతితో తీయండి. మొదటి రోజే ఫుల్ స్పీడుకు వెళ్ళకుండా వారంవారం పెంచండి.

లెగ్ కర్ల్ మానక్కర్లేదు. పడుకుని చేసే మెషీన్ కన్నా కూర్చుని చేసేది మేలు, కండరం ఎక్కువ సాగుతుంది. దించేటప్పుడు మూడు లెక్కపెట్టండి. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బరువు పట్టుకుని తుంటి దగ్గర వంగి లేవడం) వచ్చినవాళ్ళు అదీ చేసుకోవచ్చు. స్ట్రెచింగ్ ఒక్కటే నమ్ముకుంటే మాత్రం చాలదు.

ఆదివారం మ్యాచ్ ఆడేవాళ్ళు మొదటి వారం మంగళవారం నార్డిక్, గురువారం స్ప్రింట్లు పెట్టుకోండి.