సముద్ర గుహల్లో కయాకింగ్: ఏ తీరం, ఏ వేళ, ఎలాంటి గైడు

కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, తిప్పే సముద్ర గుహల టూర్ల ప్రకటనలన్నింటిలోనూ ఒకటే ఫొటో: పచ్చటి నీళ్లు, కప్పులో చిల్లు, అందులోంచి దిగే ఎండ. ఆ ఫొటోని పక్కన పెట్టి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న బయల్దేరే టైము చూడండి. పోటు వచ్చి నీరు పెరిగితే మూసుకుపోయే గుహలకి ఏడాది పొడుగునా ఉదయం 9 గంటలకే తీసుకెళ్తామంటున్నారంటే, చాలా రోజులు గుహని బయటినుంచి చూపించి తిప్పి తెచ్చేస్తారనే లెక్క. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వారం తిరిగేసరికి పొద్దున పోటున్న వేళకి పాటు, అంటే నీరు తగ్గిన స్థితి, ఉంటుంది. తేదీని బట్టి టైము మార్చే నిర్వాహకుడికి గుహలు తెలుసు, మార్చనివాడికి వ్యాన్ల టైమింగ్ తెలుసు.

అలాగని ఈ ఒక్క కొలత అన్ని తీరాలకీ సరిపోదు. కొన్ని చోట్ల దారి మూసేది పోటు, కొన్ని చోట్ల అల, ఇంకొన్ని చోట్ల జనం, చట్టం. అక్కడ అడ్డుపడేది ఏదో ముందే తెలిస్తే ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి, గైడుని ఏం అడగాలి అన్నవి వాటంతటవే తేలతాయి.

ఫాంగ్ నా అఖాతం, థాయ్‌లాండ్

ఫుకెట్‌కి తూర్పున, 1981లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ అఖాతంలో సున్నపురాయి దీవులు నీళ్లలోంచి నిటారుగా లేస్తాయి. దీవి కడుపులో ఒకప్పుడు గుహ ఉండి, దాని కప్పు కూలితే చుట్టూ గోడలు, పైన ఆకాశం, కింద ఉప్పునీటి మడుగు మిగులుతాయి. వీటిని అక్కడ హాంగ్ అంటారు. కో పనక్, కో హాంగ్ దీవుల్లో ఇలాంటివి ఉన్నాయి. వీటిలో చాలావాటికి ఓ చీకటి సొరంగమే దారి. ఆ సొరంగం ఎప్పుడు తెరుచుకోవాలో పోటే చెబుతుంది.

ఇక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి నీటిమట్టంలో తేడా రెండున్నర, మూడు మీటర్ల దాకా వెళ్తుంది. అష్టమి దాటాక తేడా బాగా తగ్గిపోతుంది. నీరు ఒకే వేగంతో ఎక్కదు కాబట్టి నావికులు వాడే పన్నెండు భాగాల లెక్క గుర్తుంచుకోండి. పాటు నుంచి పోటుకి ఆరు గంటలనుకుంటే మొత్తం తేడాలో మొదటి గంటకి 1 భాగం, రెండో గంటకి 2, మూడు, నాలుగు గంటలకి మూడేసి, ఐదో గంటకి 2, ఆఖరి గంటకి 1. తేడా 3 మీటర్లున్న రోజు మొదటి గంటలో నీరు 25 సెంటీమీటర్లే లేస్తుంది, మూడో గంటలో 75. ఆ మూడో గంట మొదట్లో మీరు లోపలికి వెళ్లారు, కప్పుకీ ముఖానికీ మధ్య మూరెడు జాగా ఉంది అనుకుందాం. మడుగులో నలభై నిమిషాలు ఫొటోలు తీసుకుని వెనక్కొస్తే ఆ మూరెడు ఉండదు. హాంగ్‌లో ఇరుక్కుంటే పైన ఆకాశమే కాబట్టి ఊపిరికి ఢోకా లేదు. కానీ నీరు తగ్గేదాకా గంటల తరబడి అక్కడే కూర్చోవాలి. గైడు "ఇక పదండి" అన్నాక ఇంకో ఫొటో కోసం బతిమాలకూడదనేది అందుకే.

నీరు మరీ తగ్గినా ఇబ్బందే. సొరంగంలో రాళ్లు, బురద బయటపడతాయి, గోడలకి పట్టిన ఆల్చిప్పల అంచులు పడవకి తగులుతాయి. ఒక్కో గుహకి ఒక్కో నీటిమట్టం కుదురుతుంది. ఒకే రోజు నాలుగు గుహలు చూపిస్తానన్నవాడు ఏ వరసలో చూపిస్తాడో అడగండి. పోటు పట్టిక చూసి చెప్తానంటే మంచి జవాబు.

ఇక్కడి టూర్ల తీరు వేరు. పెద్ద పడవలో దీవి దాకా వెళ్లి, అక్కడ గాలి నింపిన కానోలు నీళ్లలోకి దింపుతారు. తెడ్డు గైడు చేతిలోనే ఉంటుంది, మీ పని పడుకోమన్నప్పుడు పడుకోవడం. వెల్లకిలా పడుకుని, తల పక్కకి తిప్పి, మోచేతులు పడవ లోపలికి లాక్కోవాలి. కప్పు మరీ తక్కువైతే గైడు కాస్త గాలి వదిలి పడవని కిందికి దించుతాడు. పిల్లలకీ పెద్దవాళ్లకీ ఇది హాయి. కయాక్ నేర్చుకున్నవాళ్లకి మాత్రం చేతులు ముడుచుకు కూర్చోవడం విసుగే. వాళ్లు 'సొంతంగా తెడ్డు వేసేందుకు ఎంత సమయం' అని ముందే అడిగి తేల్చుకోవాలి. జేమ్స్ బాండ్ దీవి పేరు పెద్ద అక్షరాల్లో వేసిన ప్యాకేజీల్లో గుహలకి మిగిలే సమయం తక్కువ. ఆ దీవిని వదులుకుంటే పోయేదేమీ లేదు.

బస విషయంలో చాలామంది ఫుకెట్ పడమటి తీరంలోని పటోంగ్ వైపు హోటల్ తీసుకుంటారు. పడవలు ఎక్కువగా బయల్దేరే ఆవో పో రేవు ఫుకెట్ ఈశాన్య తీరంలో ఉంది. హోటళ్ల దగ్గర ఆగుతూ వ్యాన్‌లో వెళ్లడానికే గంట దాటుతుంది. గుహల కోసమే వెళ్లేవాళ్లకి కో యావో నోయ్ దీవిలో బస మేలు. ఫుకెట్‌లోని బాంగ్ రోంగ్ రేవు నుంచి పడవలున్నాయి, పైగా అక్కడ ఉంటే అఖాతం మధ్యలోనే ఉన్నట్టు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. నైరుతి రుతుపవనాల్లో వాన పడినా ఫుకెట్ దీవి అడ్డు ఉండటం వల్ల అఖాతంలో అల పెద్దగా లేవదు. దక్షిణాన ట్రాంగ్ తీరంలో కో ముక్ దీవిలో ఉన్న మరకత గుహకి ఆ అడ్డు లేదు. దాదాపు 80 మీటర్ల చీకటి సొరంగం అది. వానాకాలంలో మూసేస్తారు.

హాలాంగ్, లాన్ హా అఖాతాలు, వియత్నాం

చూపుకి ఫాంగ్ నా లాంటిదే అనిపించినా నీటి లెక్క పూర్తిగా వేరు. ఈ అఖాతాలున్న టోంకిన్ సింధుశాఖలో రోజుకి ఒకే పోటు, ఒకే పాటు. నీరు నెమ్మదిగా ఎక్కుతుంది, నెమ్మదిగా దిగుతుంది, గుహ తెరిచి ఉండే సమయం ఎక్కువ. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి లెక్క పనిచేయదు. చంద్రుడు భూమధ్యరేఖకి బాగా ఉత్తరానికో దక్షిణానికో జరిగిన రోజుల్లో తేడా పెద్దది, రేఖ మీదికి వచ్చిన రోజుల్లో చిన్నది. పంచాంగం చూసి తేదీ పెట్టుకోకండి, స్థానిక పోటు పట్టిక చూడండి.

రాత్రి బస ఉన్న క్రూయిజుల్లో కయాక్ ఒక ఐటెమ్ మాత్రమే. తేలే రేవు దగ్గర ఇద్దరు కూర్చునే ప్లాస్టిక్ పడవ ఇచ్చి, ఫలానా టైముకి వచ్చేయమంటారు, గైడు వెంట రాకపోవచ్చు. బో హోన్ దీవిలోని లువాన్ గుహకి అది చాలు, దారి వెడల్పు, నీరు నిలకడ. లాన్ హాలో చీకటి వెలుగుల గుహ లాంటి చోట్లు తీరిగ్గా చూడాలంటే కాట్ బా దీవిలో గది తీసుకుని, రోజంతా కయాకింగ్ చేయించే టూర్ పట్టుకోవాలి. గది క్రూయిజంత అందంగా ఉండదు, నీళ్ల మీద గడిపే సమయం మాత్రం ఎక్కువ. జూన్ నుంచి అక్టోబరు దాకా తుఫానుల కాలం. అధికారులు పడవలు ఆపితే ఏ కంపెనీ ఏమీ చేయలేదు, వెనక ఒక ఖాళీ రోజు ఉంచుకోండి.

బెనజిల్, పోర్చుగల్

ఆల్గార్వ్ తీరంలో కప్పుకి గుండ్రటి చిల్లు, లోపల ఇసుక ఉన్న గుహ. ఫొటోల్లో అందరూ ఆ ఇసుక మీద నిలబడి ఉంటారు. 2024లో వచ్చిన నిబంధనల తర్వాత అది కుదరదు: లోపల ఇసుక మీద దిగకూడదు, ఈదుకుంటూ వెళ్లకూడదు, కయాక్ అద్దెకి తీసుకుని ఒంటరిగా వెళ్లకూడదు, గైడు ఉండాలి. పాత ఫొటో చూపించి "దిగొచ్చు" అనేవాడిని అక్కడితో వదిలేయండి.

గుహ బెనజిల్ బీచ్ నుంచి కొద్ది వందల మీటర్లే. అసలు తలనొప్పి మోటారు పడవలు. వేసవిలో ఎండ చిల్లులోంచి నిటారుగా దిగే మధ్యాహ్నం వేళే అవన్నీ గుంపుగా వస్తాయి. వాటి అలలు గోడలకి కొట్టుకుని అన్ని వైపుల నుంచీ తిరిగొస్తుంటే కొత్తవాళ్లు అదుపు తప్పుతారు. వెలుగు కావాలా, ప్రశాంతత కావాలా తేల్చుకోవాలి. మా ఓటు ఆ రోజు మొదటి ట్రిప్‌కే. ఇక్కడ అట్లాంటిక్ పోటు తేడా కూడా పెద్దదే, పక్కనున్న చిన్న గుహలు, తోరణాలు చూడాలంటే పోటు పట్టిక అవసరం. బెనజిల్ చిన్న ఊరు, కార్వోయిరోలో గది తేలిగ్గా దొరుకుతుంది. అక్కడి నుంచే తెడ్డు వేసుకుంటూ వచ్చే పొడవాటి టూర్లు ఒక్క గుహతో కాకుండా తీరమంతా చూపిస్తాయి.

శాంటా క్రూజ్ దీవి, కాలిఫోర్నియా

నాలుగింటిలో కయాక్ పనితనానికి నిజమైన పరీక్ష ఇక్కడే. రాయి అగ్నిపర్వతాల నుంచి పుట్టింది, నీళ్లు చల్లన, ఎదురుగా పసిఫిక్. ఇక్కడ పోటు కన్నా అల ముఖ్యం. వెంచురా రేవు నుంచి స్కార్పియన్ యాంకరేజికి పడవ వెళ్తుంది, గైడెడ్ కయాక్ టూర్లు అక్కడ మొదలవుతాయి. చాలామంది పొరబడేది ఒకటుంది: ప్రపంచంలోని అతిపెద్ద సముద్ర గుహల్లో ఒకటైన పెయింటెడ్ కేవ్ దీవికి రెండో కొసన, వాయవ్య తీరంలో ఉంది. స్కార్పియన్ నుంచి వెళ్లే మామూలు టూర్ దాని దరిదాపులకి కూడా పోదు.

దీవిలో హోటల్ లేదు, దుకాణం లేదు. ఉన్నది క్యాంప్‌గ్రౌండు, ముందే బుక్ చేసుకోవాలి. తిండి అంతా మోసుకెళ్లాలి. కాకులూ దీవి నక్కలూ బ్యాగు జిప్పులు తీసేస్తాయి, ఆహారాన్ని అక్కడిచ్చే పెట్టెల్లో పెట్టండి. ఇంత శ్రమ ఎందుకంటే, మధ్యాహ్నం వాయవ్య గాలి లేస్తుంది. పొద్దున నీళ్లు నిలకడగా ఉండే గంటలు క్యాంపులో ఉన్నవాళ్లకే పూర్తిగా దక్కుతాయి. వేసవి చివర, శరత్కాలం మంచివి. చలికాలంలో వాయవ్యం నుంచి వచ్చే పెద్ద అలలకి చాలా రోజులు గుహల్లోకి పోనే కూడదు.

ఇలాంటి చోట వాతావరణ సూచనలో అల ఎత్తు ఒక్కటే చూడటం పొరపాటు. రెండు అలల మధ్య వ్యవధి కూడా చూడాలి. ఒక మీటరు అల 6 సెకన్లకొకటి వస్తే చిరాకు పెడుతుంది, అంతే. అదే మీటరు అల 14 సెకన్లకొకటి వస్తే దాని వెనక చాలా ఎక్కువ నీరుంటుంది. బయట కనపడనట్టే ఉండి, ఇరుకు గుహలోకి దూరాక ఒక్కసారిగా పైకి లేచి పడవని కప్పుకేసి ఎత్తుతుంది. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి కాబట్టి మంచి గైడు గుహ ముందు పది, పదిహేను నిమిషాలు ఊరికే ఆగి చూస్తాడు. గోడ మీద తడి గీత ఎంత ఎత్తుకి పాకుతోంది, లోపలి నుంచి బుస్సుమని గాలీ తుంపరా వస్తున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఆగకుండా నేరుగా దూరిపోయే గైడు ధైర్యవంతుడని మురిసిపోకండి.

ఆ తర్వాత ముందు గైడు ఒక్కడే వెళ్లి వస్తాడు. ఆపైన ఒక్కో పడవ చొప్పున, వెనక్కి తెడ్డు వేస్తూ లోపలికి. పడవ మొన సముద్రం వైపు ఉంటే వచ్చే అల కనపడుతుంది, తేడా వస్తే రెండుసార్లు తెడ్డు వేసి బయటపడొచ్చు. గోడ దగ్గర పడితే చేత్తో తోయకండి. అల లేచినప్పుడు చెయ్యి పడవకీ రాతికీ మధ్య నలుగుతుంది. తెడ్డుతోనే తోయాలి. పడవ తిరగబడితే దాన్ని వదలకూడదు, కానీ గోడకీ పడవకీ మధ్య ఉండకుండా, గుహ ఉన్న వైపు కాక సముద్రం వైపు ఉండాలి. లేకపోతే నీళ్లు నిండిన పడవ మిమ్మల్ని గోడకి అదుముతుంది.

సామాను, గైడు, డబ్బు వాపసు

హెల్మెట్ ఇవ్వని కంపెనీతో రాతి గుహల్లోకి వెళ్లొద్దు. లైఫ్ జాకెట్ వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. చెవుల దాకా లేస్తే పట్టీలు వదులు, లేదా సైజు పెద్దది. మొదటిసారి వెళ్లేవాళ్లకి పైన కూర్చునే రకం కయాక్ మంచిది, తిరగబడినా ఇరుక్కోరు, మళ్లీ ఎక్కడం తేలిక. నీళ్లు చల్లగా ఉన్నచోట వెట్‌సూట్ తప్పదు. ఎక్కడైనా సరే జీన్స్, కాటన్ వద్దు, తడిస్తే ఆరవు. చెప్పులకి మడమ పట్టీ ఉండాలి. తలకి కట్టుకునే లైటు మీదే తెచ్చుకోండి, గబ్బిలాలున్న చోట ఎర్ర వెలుగు వాడండి. నీరు చొరని డ్రై బ్యాగు మూతిని కనీసం మూడు మడతలు మడిచి బిగించాలి, నిండా కుక్కితే మడత పడక నీరు లోపలికి పోతుంది. పడవలో కడుపు తిప్పే అలవాటుంటే మాత్ర ఎక్కే ముందు గంటకి వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుని లాభం లేదు.

బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు చాలు. ఒక గైడుకి ఎన్ని పడవలు? ఐదారు దాటితే గుహల పని కాదు. గైడు దగ్గర లాగే తాడు, తడిసినా పనిచేసే వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవలవాళ్లు మాట్లాడుకునే చేతి రేడియో) ఉంటాయా? ఫోన్ ఉంది కదా అంటే కొండ నీడలో సిగ్నల్ ఉండదని వాళ్లకి తెలియదన్నమాట. మూడోది, గుహలోకి వెళ్లలేకపోతే ఏం చేస్తారు? తీరం వెంబడి వేరే దారి చూపిస్తాం, బయల్దేరక ముందే రద్దయితే డబ్బు మొత్తం వాపసు అని రాసి ఇచ్చేవాళ్లని ఎంచుకోండి. వాపసు లేదనే చోట గైడు మీద ఎలాగోలా లోపలికి తీసుకెళ్లాలనే ఒత్తిడి ఉంటుంది. ఆ మాట ఫోన్లో కాదు, ఈమెయిల్‌లో తీసుకోండి.