ఇంట్లో కూర్చుని ఆన్ ఎయిర్ ప్లేలిస్ట్ మార్చడం: రివెండెల్‌తో 6 ఏళ్లు

మా స్టేషన్ చిన్నది, రాత్రిపూట స్టూడియోలో మనిషి ఉండడు, పాటల్ని వరసగా దానంతటదే పాడించే ఆటోమేషన్ ఒక్కటే నడుస్తుంటుంది. ఏదైనా మార్చాలంటే ఇంట్లోంచే మార్చాలి లేదా బండేసుకుని వెళ్లాలి. రివెండెల్ అనే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ మీద 6 ఏళ్లుగా ఈ పని చేస్తున్నా, అంతకుముందు ఓ రెండేళ్లు విండోస్‌లో నడిచే వేరే సాఫ్ట్‌వేర్ వాడాం, దాని పేరెందుకులెండి, అక్కడ జరిగిన తప్పు పూర్తిగా నాదే.

ఆ తప్పు సంగతి ముందే చెప్పేస్తా, ఎందుకంటే ఇప్పటికీ కొత్తవాళ్లు అదే చేస్తున్నారు. ప్లేఅవుట్ మెషీన్‌లోకి, అంటే స్టేషన్‌లో పాటలు పాడించే కంప్యూటర్‌లోకి, ఇంట్లోంచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో లాగిన్ అయ్యా. పాట నా లాప్‌టాప్ స్పీకర్లలో బ్రహ్మాండంగా వినిపిస్తోంది, అబ్బా మానిటరింగ్ కూడా ఫ్రీగా వచ్చేసిందే అని మురిసిపోయా. రెండు నిమిషాలు కాకముందే ఫోన్, "అన్నా, రేడియోలో ఏం రావట్లేదు!" విషయం ఏంటంటే రిమోట్ డెస్క్‌టాప్‌లో సౌండ్ ఎక్కడ ప్లే అవ్వాలి అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా మనం కూర్చున్న కంప్యూటర్ మీదే ఉంటుంది, ట్రాన్స్‌మిటర్‌కి పోవాల్సిన ఆడియో మొత్తం మా హాల్లోకి వచ్చి పడింది. ఆ సెట్టింగ్‌ని "రిమోట్ కంప్యూటర్ మీదే ప్లే చెయ్" అని మార్చుకుంటే సరిపోతుంది, కానీ ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న రూల్ ఒకటే, ప్లేఅవుట్ మెషీన్ స్క్రీన్‌లోకి దూరి పని చెయ్యను. లిస్ట్‌ని బయట నుంచే మారుస్తా.

రివెండెల్ నాకు నచ్చింది సరిగ్గా అందుకే. ఇది లినక్స్ మీద నడిచే ఓపెన్ సోర్స్ ఆటోమేషన్, ఇందులో పాడేది వేరు, లిస్ట్ రాసేది వేరు. ఆన్ ఎయిర్ నడిపేది ఆర్డీ ఎయిర్‌ప్లే, లిస్ట్ తయారుచేసేది ఆర్డీ లాగ్‌ఎడిట్, రెంటికీ మధ్యలో ఒక డేటాబేస్. లిస్ట్‌ని లాగ్ అంటారు, ఒక్కో పాటని గానీ ప్రకటనని గానీ కార్ట్ అంటారు, ప్రతి కార్ట్‌కీ ఒక నంబర్. నా లాప్‌టాప్‌లో ఆర్డీ లాగ్‌ఎడిట్ ఉంది, వైర్‌గార్డ్ వీపీఎన్‌లోంచి, అంటే ఇంటర్నెట్ మీద వేసుకున్న సొంత రహస్య దారిలోంచి, స్టేషన్ డేటాబేస్‌కి కనెక్ట్ అవుతుంది, నేను లాగ్ తెరిచి రెండు లైన్లు మార్చి సేవ్ కొడతా, ప్లేఅవుట్ మెషీన్ మౌస్ పాయింటర్ కూడా కదలదు. పాడుతున్న పాటని పొరపాటున క్లిక్ చేసి ఆపేసే ప్రమాదమే లేదు. (వీపీఎన్ లేకుండా డేటాబేస్ పోర్ట్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టేవాళ్లని చూశా. దయచేసి వద్దు.)

అయితే ఇందులోనే ఒక గమ్మత్తు ఉంది, నేను దెబ్బ తిన్నది అక్కడే. మీ స్క్రీన్ మీద కనిపించే లాగూ, గాల్లోకి పోతున్న లాగూ ఒకటి కాదు. ఆర్డీ ఎయిర్‌ప్లే లాగ్‌ని ఒకసారి లోడ్ చేసుకున్నాక తన దగ్గర తన కాపీ పెట్టుకుంటుంది. మీరు డేటాబేస్‌లో సేవ్ చేసింది దానికి తెలియాలంటే రిఫ్రెష్ అవ్వాలి. ఒక సాయంత్రం మరుసటి రోజు జరగాల్సిన సభ రద్దయింది, ఆ ప్రకటన తీసెయ్యమని ఫోన్ వచ్చింది. 6:20కి తీసేశా, సేవ్ చేశా, అయిపోయింది అని చెప్పేశా కూడా. 7:04కి అదే ప్రకటన చక్కగా వినిపించింది. "అన్నా, తీసేశానన్నావుగా?" అంటే నా దగ్గర సమాధానం లేదు, లాగ్ తెరిచి చూస్తే నిజంగానే అందులో లేదు! అరగంట జుట్టు పీక్కున్నాక తెలిసింది, ఆ లాగ్‌కి ఆటో రిఫ్రెష్ అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉంది. లాగ్ లాగ్‌కీ విడివిడిగా ఉండే సెట్టింగ్ అది. ఇప్పుడు ప్రతి లాగ్‌కీ ఆన్ చేసి ఉంచుతున్నా, అయినా నమ్మకం లేక ప్లేఅవుట్ స్క్రీన్‌ని వీఎన్‌సీలో (దూరం నుంచి స్క్రీన్ చూపించే టూల్) వ్యూ ఓన్లీ మోడ్‌లో తెరిచి ఆ లైన్ అక్కడ కూడా పోయిందని కళ్లారా చూసుకునే లాప్‌టాప్ మూస్తా. వ్యూ ఓన్లీ అన్న ముక్క ముఖ్యం, చూడ్డానికి వెళ్లి చెయ్యి పెట్టకుండా.

ఇంకో దెబ్బ టైమింగ్‌ది. 7 గంటల వార్తలకి హార్డ్ టైమ్, అంటే కచ్చితంగా మొదలవ్వాల్సిన టైమ్, పెట్టి ఉంటుంది మా దగ్గర, దాని ట్రాన్సిషన్ (ముందుదాని నుంచి దీనికి మారే పద్ధతి) స్టాప్. అంటే ముందు పాట అయిపోయాక అది వెంటనే మొదలవ్వదు, టైమ్ వచ్చేదాకా ఆగుతుంది. 6:40 ప్రాంతంలో ఒక పాట బాలేదని తీసేశా, బదులు ఏమీ పెట్టలేదు. తర్వాతేముంది, 6:56 దాటాక నిశ్శబ్దం, దాదాపు 4 నిమిషాలు. మనుషులు రేడియో పాడైందనుకుని కొట్టి చూసుకునుంటారు పాపం. అదే ట్రాన్సిషన్ సెగ్యూ, అంటే ముందుది అయిపోతుండగానే ఆగకుండా అందుకునే రకం, అయ్యుంటే వార్తలు ముందే మొదలైపోయేవి, అదింకో రకం తలనొప్పి. అందుకని ఎంత నిడివి తీశానో అంత నిడివి తిరిగి పెట్టాలి, కాస్త ఎక్కువే పెట్టినా ఫర్వాలేదు, ఎందుకంటే టైమ్ వచ్చేసరికి ముందుది ఇంకా పాడుతుంటే ఏం చెయ్యాలో అక్కడే చెప్పొచ్చు: వెంటనే కట్ చేసి మొదలెట్టు, లేదా తర్వాతి ఐటెమ్‌గా పెట్టు, లేదా ఇంతసేపు ఆగు. మేము వార్తలకి ఆగమనే పెట్టుకున్నాం, పాట చివరి చరణం మీద కత్తి పడితే వినేవాళ్లకి చిరాకు.

వినడం గురించి కూడా ఒక మాట. ఇంట్లో వింటున్న వెబ్ స్ట్రీమ్‌ని చూసి నిర్ణయాలు తీసుకోవద్దు, అది ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. వెబ్ స్ట్రీమ్‌ని పంచే ఐస్‌కాస్ట్ సర్వర్ డిఫాల్ట్‌గా కనెక్ట్ అవ్వగానే 64 కిలోబైట్లు ఒకేసారి పంపిస్తుంది, 128 కేబీపీఎస్ స్ట్రీమ్‌లో అంటే అక్కడే 4 సెకన్లు, ఆపైన ప్లేయర్ బఫరు, ఎన్‌కోడరు, అన్నీ కలిసి నా ఫోన్‌లో అర నిమిషం దాకా పోతుంది. ఇంకా పాత పాటే వస్తోందే అని కంగారుపడి ఏదో నొక్కితే అప్పటికే మొదలైన కొత్త ఐటెమ్ ఎగిరిపోతుంది. రేంజ్‌లో ఉంటే మామూలు ఎఫ్ఎం రేడియో సెట్ పక్కన పెట్టుకోండి, అంతకు మించిన మానిటర్ లేదు. పాడుతున్నదాన్నీ దాని వెనకే ఉన్న ఐటెమ్‌నీ నేను రిమోట్‌లో అసలు ముట్టను, మూడోదాని నుంచే నా పని.

ఆడియో ఎక్కించడం మాత్రం ఓపిక పని. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో వేవ్ అంటే నిమిషానికి 11.5 మెగాబైట్లు, 4 నిమిషాల పాట 46, ఇంటి అప్‌లోడ్ స్పీడ్ 2 ఎంబీపీఎస్ ఉంటే ఒక్క పాటకే 3 నిమిషాలు. క్వాలిటీ పోకుండా సైజు తగ్గించే ఫ్లాక్ ఫార్మాట్‌లో పంపి అక్కడ ఇంపోర్ట్ చేసుకుంటే చాలా నయం.

ఇద్దరు ఒకే లాగ్ మార్చడం గురించి చాలామంది అడుగుతారు. ఇప్పటి వెర్షన్లలో ఒకరు తెరిచి ఉంచితే రెండోవాళ్లకి ఫలానా యూజర్ ఎడిట్ చేస్తున్నారు అని చెప్తుంది. పాత వెర్షన్‌లో అది లేక నేనూ మా ఆర్జే తమ్ముడూ ఒకరి మార్పులు ఒకరం తుడిచేసుకున్న రోజులున్నాయి.

ఇక నచ్చనివి. సెటప్ నిజంగా కష్టం, లినక్స్ తెలిసినవాడు ఒక్కడైనా స్టేషన్‌లో లేకపోతే మొదలుపెట్టకండి. ఇంటర్‌ఫేస్ చూస్తే పాతకాలం ఆఫీసు సాఫ్ట్‌వేర్ గుర్తొస్తుంది. ఫోన్‌లోంచి లాగ్ మార్చాలంటే నరకం, ఆ కిటికీలు ఫోన్ కోసం పుట్టలేదు. మీది ఒట్టి వెబ్ రేడియో అయితే, ఎఫ్ఎం తలనొప్పులు లేకపోతే, అజురాకాస్ట్ చూడండి, అంతా బ్రౌజర్‌లోనే, ఫోన్‌లో కూడా హాయిగా ఉంటుంది. కానీ దాని వెనక పాడేది లిక్విడ్‌సోప్, అది కూడా తర్వాతి పాటని ముందే తీసి పెట్టుకుంటుంది, కాబట్టి చివరి నిమిషంలో మార్చినది వెంటనే పడుతుందనుకోవద్దు. ఇందాక చెప్పిన గమ్మత్తే, వేషం వేరు.

ఫోన్ విషయంలో నేను కనిపెట్టుకున్న దారి ఒకటుంది. రివెండెల్‌కి ఆర్ఎంఎల్ అని చిన్న చిన్న కమాండ్ల భాష ఉంది. ఫోన్‌లో ఎస్ఎస్‌హెచ్ టెర్మినల్ (దూరంలోని కంప్యూటర్‌కి కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి ఆర్ఎంఎల్‌సెండ్ అనే టూల్‌తో పీఎక్స్, ఖాళీ, 1, ఖాళీ, కార్ట్ నంబరు, చివర ఆశ్చర్యార్థకం కొడితే ఆ కార్ట్ మెయిన్ లాగ్‌లో తర్వాతి ఐటెమ్‌గా వచ్చి కూర్చుంటుంది. మూడోదాని నుంచే ముట్టుకుంటానన్న నా రూల్‌కి ఇదొక్కటే మినహాయింపు, ఎందుకంటే ఇది ఉన్నదాన్ని తియ్యదు, మధ్యలో దూరుతుంది అంతే. మొన్న ఒక పెళ్లిలో భోజనాల బల్ల దగ్గర ఉండగా వర్షం హెచ్చరిక వెయ్యాలని ఫోన్ వస్తే ఎడం చేత్తో ఇదే కొట్టా. మొదటిసారి ఏమీ జరగలేదు, చూసుకుంటే ఆశ్చర్యార్థకం మర్చిపోయా. అది లేకపోతే కమాండ్ పూర్తయినట్టు కాదు దాని లెక్కలో. రెండోసారి పడింది, వడ్డించేవాడు మాత్రం వద్దంటున్నానేమో అనుకుని నన్ను దాటి వెళ్లిపోయాడు.