పదకొండు దాటితే మెట్రో లేదు: తార్నాక, గచ్చిబౌలి స్టూడెంట్లకు హైదరాబాద్ రాత్రి ఎలా ఉంటుంది

హైదరాబాద్‌లో రాత్రి బయటికెళ్లే స్టూడెంట్ జేబుకు చిల్లు పడేది ఎక్కువగా తిరుగు ప్రయాణంలోనే. బిర్యానీ నలుగురు పంచుకోవచ్చు, చాయ్ వన్ బై టూ చెప్పుకోవచ్చు. రాత్రి పన్నెండున్నరకు గచ్చిబౌలి నుంచి తార్నాకకు క్యాబ్ బుక్ చేస్తే మాత్రం ఆ ఒక్క రైడ్ మిగతా సాయంత్రం ఖర్చంతటినీ మింగేస్తుంది. అందుకే ఇక్కడ ప్రతి చోటినీ అంచనా వేసేటప్పుడు మొదట చూసింది ఒకటే: అక్కడి నుంచి హాస్టల్‌కు ఎలా చేరతారు, ఎంతలో చేరతారు.

మెట్రోతో మొదలుపెడదాం. 2025 నవంబర్ 3 నుంచి వారంలో ఏ రోజైనా ఉదయం 6 నుంచి రాత్రి 11 వరకే. ఆ 11 అనేది చివరి బండి టెర్మినల్‌లో కదిలే టైమ్, ఇది చాలామందికి తెలియదు. గచ్చిబౌలి వైపు టెర్మినల్ రాయదుర్గ్‌లో 11కు కదిలిన బండి తార్నాకకు వచ్చేసరికి ముప్పావు గంట పడుతుంది, అంటే ఈ రెండు స్టేషన్లూ ఉన్న బ్లూ లైన్‌లోనే ఉండేవాళ్లకు మధ్య స్టేషన్లలో కొంత వెసులుబాటు ఉన్నట్టే. లైన్ మారేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. అమీర్‌పేటలో రెడ్ లైన్ నుంచి బ్లూ లైన్‌కు మారాలంటే మెట్లెక్కి దిగి, ఆ జనంలో ప్లాట్‌ఫామ్ వెతుక్కునేలోపు కళ్లముందే తలుపులు మూసుకోవచ్చు. గ్రీన్ లైన్‌లో వచ్చేవాళ్లు జేబీఎస్ దగ్గర దిగి పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లోకి నడిచి బ్లూ లైన్ ఎక్కాలి, అదీ ఇలాంటిదే. లైన్ మారే పనుంటే పదిన్నరకే మొదటి బండిలో కూర్చోండి. టికెట్ వాట్సాప్‌లో ముందే తీసుకోండి, ఆ టైమ్‌లో కౌంటర్ దగ్గర లైన్లో నిలబడితే రెండు నిమిషాలు కూడా ఎక్కువే. 2025 మే సవరణ తర్వాత టికెట్ 11 రూపాయల నుంచి మొదలై 69 దగ్గర ఆగుతుంది. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు అంతకంటే చవగ్గా, ఏసీలో చేర్చేది ఇంకోటి లేదు.

బస్సు సంగతి అమ్మాయిలకు ఒక రకం, అబ్బాయిలకు ఒక రకం. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు జీరో టికెట్. అయితే తెలంగాణ చిరునామా ఉన్న కార్డు చూపించాలి. గుంటూరు నుంచో విజయనగరం నుంచో వచ్చి ఇక్కడ చదువుకునే అమ్మాయి ఆధార్‌లో ఆంధ్రా చిరునామా ఉంటే కండక్టర్ టికెట్ కొడతాడు. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఆ రాష్ట్రం బస్సులకే, ఇక్కడ చెల్లదు. కండక్టర్‌తో లొల్లి పెట్టుకుని లాభం లేదు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) గేటు ముందు ఆగే 216, 217 బస్సులు పగలంతా వరసగా వస్తాయి కానీ, రాత్రి పది దాటాక వాటిని నమ్ముకుని ప్లాన్ వేయకండి. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఆర్ట్స్ కాలేజ్, జామియా ఉస్మానియా స్టేషన్లలో ఆగుతుంది కాబట్టి కాగితం మీద హెచ్‌సీయూకూ తార్నాక వైపున్న ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ)కూ మధ్య చవకైన దారి అదే. బండికీ బండికీ మధ్య ఎడం చూస్తే రాత్రి పనికి రాదు.

ఓయూ, దాని పక్కనే ఉన్న ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ (ఇఫ్లూ) వాళ్లకు దగ్గరి సరదా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. సంధ్య, సుదర్శన్, దేవి ఒక్క రోడ్డు మీదే, గ్రీన్ లైన్ స్టేషన్ పక్కనే. సింగిల్ స్క్రీన్‌లో 177, మల్టీప్లెక్స్‌లో 295 అని మీరు చూసే వింత లెక్కలు 2021 డిసెంబర్ జీవో పుణ్యం: 150, 250 గరిష్ఠ ధరలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. పెద్ద హీరో సినిమాకు మొదటి రోజుల్లో ప్రత్యేక అనుమతితో ధర పెంచుతారు, తొందర లేనివాళ్లు పది రోజులు ఆగితే ఆ తేడా డబ్బుతో బిర్యానీ వస్తుంది. షో ఎంచుకోవడంలోనే తెలివంతా. ఆరున్నర ఆట తొమ్మిదిన్నర లోపు అయిపోతుంది, తిని కూడా మెట్రో అందుకోవచ్చు. సెకండ్ షో వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది, అప్పటికి స్టేషన్ షట్టర్ దించేసి ఉంటుంది. అయితే ఇక్కడొక ఊరట ఉంది. విద్యానగర్ వైపు నుంచి ఓయూ దూరమేం కాదు, ముగ్గురుంటే ఆటో తేలిగ్గా పంచుకోవచ్చు. సెకండ్ షో గచ్చిబౌలి వాళ్లకు దండగ, ఓయూ పక్కనున్న అడిక్‌మెట్ వాళ్లకు లాభం.

మందు, పెద్ద సౌండు వద్దనుకునేవాళ్లకు బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 వైపున్న లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రాన్ని మించింది ఈ ఊళ్లో లేదు. 2010లో మొదలైంది. పాత రాతి ఇల్లు, వెనక బండరాయి, ముందు వాకిట్లో కుర్చీలు. నాటకం, గజల్, పుస్తకం మీద చర్చ, స్టాండప్, ఏదో ఒకటి సాయంత్రం ఏడూ ఎనిమిది మధ్య ఉంటుంది. చాలావాటికి ఎంట్రీ ఉచితం, లేదా చాలా తక్కువ. క్యాంటీన్లో చాయ్, సమోసా, కిచిడీ స్టూడెంట్ జేబుకు అందే ధరలోనే ఉంటాయి. సోమవారం సెలవు, అది చూసుకోకుండా వెళ్లి గేటు దగ్గర నుంచి తిరిగొచ్చేవాళ్లు ప్రతి వారం ఉంటారు. మంచి కార్యక్రమానికి అరగంట ముందు వెళ్లకపోతే నిలబడాల్సిందే. మెట్రో అయితే పంజాగుట్టలోనో ఇర్రమ్‌మంజిల్‌లోనో దిగి అక్కడి నుంచి ఆటో. రాత్రి పదింటికల్లా అంతా సర్దుకుంటుంది కాబట్టి చివరి బండి మిస్సయ్యే భయం లేదు. మార్కులు వేయాల్సి వస్తే పదికి తొమ్మిది.

గచ్చిబౌలి వైపు రాత్రి తిండికి అందరూ చెప్పే పేరు డీఎల్ఎఫ్ ఐటీ ఆఫీసుల ఎదురుగా ఉండే బండ్ల వరస. హెచ్‌సీయూ మెయిన్ గేటు నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు, ట్రిపుల్ ఐటీ వాళ్లకు నడక దూరం. షవర్మా, మోమో, మ్యాగీ, ఫ్రైడ్ రైస్ అన్నీ ఉంటాయి, అన్ని చోట్లా యూపీఐ నడుస్తుంది. అక్కడ నిలబడి చూడదగింది మాత్రం దోసె బండి. పెనం మీద నీళ్లు చల్లి, ఉల్లిగడ్డ ముక్కతో రుద్ది, పిండి పల్చగా తిప్పుతాడు. దాని మీద వెన్న గడ్డను అట్లకాడతో గీసి వేస్తాడు. తర్వాత ఒక గరిటె ఉప్మా, తరిగిన ఉల్లి, టమాటా, ఎర్రకారం, పైన పొడి. పావ్‌భాజీ నలిపేదానితో దోసె మీదే అంతా మెదిపి, అట్టంతా పరిచి, అంచులు ఎర్రబడ్డాక మడిచి, అట్లకాడ అంచుతోనే ముక్కలు చేసి కాగితం ప్లేటులో వేస్తాడు. ఇది చెడేది రెండు చోట్ల. రద్దీలో పెనం చల్లారకముందే పిండి వేస్తే అతుక్కుంటుంది. తొందరలో ఉప్మా ఎక్కువ పడితే మధ్యలో మెత్తగా ముద్దవుతుంది. బండి ముందు పదిమంది కంటే ఎక్కువ ఉంటే పక్క బండి చూసుకోండి, పేరు పెద్దదైనంత మాత్రాన దోసె మారదు.

ఈ బండ్లు ఎప్పటిదాకా ఉంటాయంటే ఆ రోజు పోలీసు జీపును బట్టి. 2023 ఏప్రిల్‌లో ఏడాదికి పదివేల ఫీజు కట్టిన దుకాణాలు 24 గంటలూ తెరుచుకోవచ్చని ప్రభుత్వం జీవో ఇచ్చింది. కానీ రోడ్డు పక్క బండి ఆ లెక్కలోకి రాదు. రంజాన్ నెల వేరే లోకం. 2025లో ఆ నెలంతా దుకాణాలు రాత్రంతా తెరిచేందుకు అనుమతి ఇచ్చారు, చార్మినార్ చుట్టూ తెల్లవారుజాము దాకా జనమే. హలీమ్ కోసమైతే ఆ నెలలోనే వెళ్లాలి. శుక్ర, శనివారాలు వదిలేసి సోమ, మంగళవారాల్లో వెళితే కాలు పెట్టే చోటైనా దొరుకుతుంది.

క్యాంపస్ లోపలి రాత్రుల్లో హెచ్‌సీయూదే పైచేయి. గోప్స్ క్యాంటీన్ దగ్గర చాయ్, షాప్‌కామ్ (క్యాంపస్ దుకాణాల సముదాయం) ముందు గట్టు మీద వాదనలు, హాస్టల్ ముందు గిటార్, వీటికి ఖర్చు లేదు, క్యాబ్ అక్కర్లేదు. విద్యార్థి సంఘం జరిపే సుకూన్ ఉత్సవం రోజుల్లో బయటివాళ్లు కూడా రావాలని చూస్తారు. అప్పుడు గేటు దగ్గర ఐడీ లేనివాళ్లను ఆపేస్తారు, కాబట్టి లోపలున్న దోస్తు ముందే పాస్ సంగతి కనుక్కోవాలి. గేటు నుంచి హాస్టళ్లకు నడక కూడా తక్కువేం కాదు, రెండు కిలోమీటర్లు దాటుతుంది. ట్రిపుల్ ఐటీ ఫెలిసిటీ, శామీర్‌పేట వైపు బిట్స్ వాళ్ల పెర్ల్ ఉత్సవాలు కూడా ఇలాగే. శామీర్‌పేటకు మెట్రో లేదు, ప్రో నైట్ (పేరున్న కళాకారుల కచేరీ) అయ్యాక అక్కడి నుంచి క్యాబ్ దొరకడం గగనం. వెళ్లేటప్పుడే తిరుగు బండి మాట్లాడుకోండి.

ఇక పబ్బులు. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36, హైటెక్ సిటీ, గచ్చిబౌలి. తెలంగాణలో మందు తాగే వయసు 21. బీటెక్ మూడో సంవత్సరం దాకా చాలామందికి ఆ వయసే రాదు, కాబట్టి సగం గ్యాంగ్ గేటు దగ్గరే ఆగిపోతుంది. ఫోన్‌లో ఫొటో తీసిన ఐడీ చాలా చోట్ల ఒప్పుకోరు, డిజీలాకరో అసలు కార్డో ఉండాలి. వారాంతంలో చాలా చోట్ల స్టాగ్ ఎంట్రీ (అమ్మాయి తోడు లేని అబ్బాయిలకు ప్రవేశం) ఇవ్వరు, ఇచ్చినా కవర్ (ఎంట్రీ రుసుము) గట్టిగా వేస్తారు. ‘రిడీమబుల్’, అంటే కట్టిన కవర్‌ను లోపల బిల్లులో వాడుకోవచ్చు, అనే మాట విని సంబరపడకండి. మొత్తం రిడీమబులా, సగమా, తిండికీ వర్తిస్తుందా, ఆఫర్ డ్రింకులకు వర్తిస్తుందా అని గేటు దగ్గరే అడగండి. మిగిలిన డబ్బు వెనక్కి రాదు. అందుకే పదకొండున్నరకు కవర్ తీర్చుకోవడానికి ఎవరికీ అక్కర్లేని ఫ్రైస్ తెప్పించుకుంటారు. బిల్లులో సర్వీస్ ఛార్జ్ కనిపిస్తే తీసేయమని అడగవచ్చు. అది తప్పనిసరి చేయకూడదని 2022 జులైలో వినియోగదారుల సంరక్షణ అథారిటీ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ‘సర్, ఇది వద్దు’ అని బిల్లు తిరిగి ఇస్తే చాలు, కొత్త బిల్లు వస్తుంది. హుక్కా గురించి ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి, 2024లో చట్టం తెచ్చి హుక్కా సెంటర్లు మూయించారు.

బార్లు మామూలు రోజుల్లో పన్నెండింటికి, శుక్ర, శనివారాల్లో ఒంటిగంటకు మూసేయాలి. అసలు దెబ్బ ఇక్కడే. ఆ రోడ్డు మీద పబ్బులన్నీ ఒకేసారి జనాన్ని బయటికి వదిలితే అందరూ ఒకే నిమిషంలో ఫోన్ తీస్తారు, యాప్‌లో రేటు రెండింతలవుతుంది, డ్రైవర్లు ‘డ్రాప్ ఎక్కడ’ అని అడిగి క్యాన్సిల్ చేస్తారు. ముప్పావు గంట ముందే బయటపడితే అదే రైడ్ మామూలు రేటుకు వస్తుంది. ఇంకా ముందు, పదిన్నరకే లేస్తే పెద్దమ్మగుడి స్టేషన్ దగ్గరే ఉంది. తాగినవాడి బైక్ వెనక మాత్రం ఎక్కకండి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే, మొదటిసారికే పదివేల దాకా జరిమానా లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక బీరుకేం కాదులే అనుకునేవాళ్లే ఎక్కువగా దొరుకుతారు. బండి సీజ్ అయితే ఆ రాత్రికి క్యాబ్ ఖర్చు కూడా తోడు. ఒంటరిగా తిరిగొచ్చే అమ్మాయిలు 100కు ఫోన్ చేసి 8 నొక్కితే టీ-సేఫ్ సేవ కింద పోలీసులు ప్రయాణాన్ని గమనిస్తారు. క్యాబ్ ఎక్కగానే చేసుకోవాలి, భయం వేశాక కాదు.

ఏం చేసినా చివరి బండి పోయింది, క్యాబ్ యాప్‌లో సర్జ్ (పెరిగిన రేటు) దిగట్లేదు అనుకుందాం. నలుగురైదుగురు ఉంటే మొజంజాహీ మార్కెట్ దగ్గరికి వెళ్లండి, కరాచీ బేకరీ పక్కన రామ్ కీ బండీ తెల్లవారకముందే మొదలవుతుంది. వెన్న, చీజ్ వేసిన దోసె, తవా ఇడ్లీ. చీజ్ దోసె ఒక్కరే తింటే మొహం మొత్తుతుంది, ఇద్దరికి ఒకటి చాలు. దగ్గరి స్టేషన్ గాంధీభవన్. ఎల్‌బీ నగర్‌లో ఆరింటికి కదిలిన మొదటి బండి అక్కడికి రావడానికి ఇంకో పావుగంట పైనే పడుతుంది. ఆలోపు ఇంకో ప్లేట్ ఇడ్లీకి టైమ్ ఉంటుంది.