విరిగిన పాలలా కనిపించే ఈస్ట్: వైయీస్ట్ 1968తో ఐదు బ్యాచ్‌లు

ముందే చెప్పేస్తా. ఇంట్లో ఇంగ్లిష్ బిట్టర్ (కాస్త చేదుగా ఉండే ఇంగ్లండ్ బీరు) చేసుకునేవాళ్లకి, వైయీస్ట్ కంపెనీ అమ్మే 1968 లండన్ ఈఎస్‌బీ కంటే మంచి రుచినిచ్చే ఈస్ట్ నేనింతవరకూ వాడలేదు, ఇంత బద్ధకపుదాన్నీ చూడలేదు. కొన్నాక దాని వెంటపడి పని చేయించుకోవాలి. ఆ ఓపిక ఉంటే తీసుకోండి, లేదంటే ఎస్-04 అనే డ్రై (పొడి) ఈస్ట్ ప్యాకెట్ ఒకటి తెచ్చుకుని హాయిగా ఉండండి, అదేం చిన్నతనం కాదు.

నేనుండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. ఇక్కడ సొంతానికి బీరు చేసుకోవడానికి 1963 నుంచి లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకూడదు అంతే. మన ఊళ్ల నుంచి చదివేవాళ్లు మాత్రం ప్రయత్నించకండి, లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ చట్టం కింద కేసవుతుంది. తమాషా ఏంటంటే ఆ చట్టం కూడా 1968దే.

మొదటిసారి ఈ ఈస్ట్ కొన్నప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. గాజు ఫ్లాస్కులో స్టార్టర్ (బీరులో కలిపే ముందు ఈస్ట్‌ని పెంచుకునే తోడు) పెట్టి వంటగది గట్టు మీద ఉంచాను. పొద్దున్నే లేచి చూస్తే పైన గోధుమరంగు నీళ్లు తేటగా, అడుగున తరకలు తరకలుగా తెల్లటి ముద్ద. ఫ్లాస్కు ఊపితే ఆ ముద్ద కరగదు, తునకలై పైకి లేచి నిమిషంలో మళ్లీ కిందికి దిగిపోతుంది. అమ్మ చూసి "పాలు విరిగిపోయాయిరా, పారబొయ్యి" అంది. నాకూ అనుమానం వచ్చింది కానీ, దీని తీరే అదని తర్వాత తెలిసింది. కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులుగా అడుగుకి చేరిపోతాయి. ఇంగ్లండ్ పబ్బుల్లో పీపాలోంచి నేరుగా పోసే బీరు, ఫిల్టర్ లేకుండానే అద్దంలా ఉండాలంటే ఇలా త్వరగా పేరుకునే ఈస్టే కావాలి. చిజిక్‌లోని ఫుల్లర్స్ బ్రూవరీ ఈస్టే ఇదని ఇక్కడి హోమ్‌బ్రూయర్ల గట్టి నమ్మకం, ప్యాకెట్ మీద మాత్రం ఏ బ్రూవరీ పేరూ ఉండదు.

ప్యాకెట్ సంగతి. లోపల ద్రవరూపంలో ఈస్ట్, దాంట్లోనే ఇంకో చిన్న పొట్లంలో దానికి మేత. అరచేతిలో పెట్టుకుని గట్టిగా ఒక్కటిస్తే లోపలి పొట్లం పగులుతుంది, కొన్ని గంటలకి ప్యాకెట్ పూరీలా పొంగుతుంది. పిల్లలకి ఇస్తే భలే సరదాగా కొడతారు. పొంగకపోయినా ఈస్ట్ చచ్చిందని కాదు, కంగారుపడకండి. ధర మాత్రం నొప్పే, నేను కొన్న చోట డ్రై ప్యాకెట్‌కి రెండింతల పైమాటే.

ఒకసారి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే, షాపు పేరెందుకులెండి, జులై ఎండల్లో ఐస్ ప్యాక్ కూడా లేకుండా మామూలు అట్టపెట్టెలో పడేసి పంపారు. శుక్రవారం బయల్దేరింది మంగళవారం చేరింది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. మెయిల్ పెడితే "సాధారణంగా ఏమీ కాదండీ" అని జవాబు. 1871లో లండన్‌లోని విట్‌బ్రెడ్ బ్రూవరీకి లూయీ పాశ్చర్ వెళ్లి, వాళ్ల ఈస్ట్‌ని మైక్రోస్కోప్ కింద చూసి ఇందులో చెడ్డ క్రిములున్నాయని చెప్పాడు. మన ఇళ్లల్లో మైక్రోస్కోప్ ఉండదు కాబట్టి స్టార్టరే మనకి పరీక్ష. లీటరున్నర నీళ్లకి 150 గ్రాముల డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ, అంటే మాల్ట్, రసం పొడి), పదిహేను నిమిషాలు మరిగించి, 20 డిగ్రీలకి చల్లార్చి ఈస్ట్ కలపాలి. స్టిర్ ప్లేట్ (ద్రవాన్ని తిప్పుతూ ఉండే చిన్న యంత్రం) లేకపోతే అటు వెళ్లినప్పుడల్లా ఫ్లాస్కుని ఒకసారి గిరగిరా తిప్పితే చాలు. ఒక రోజులో నురుగొచ్చి అడుగున ముద్ద పెరిగితే బతికే ఉంది. ఆ జులై ప్యాకెట్ ఒకటిన్నర రోజుకి లేచింది, బతికిపోయాను.

ఇప్పుడు అసలు గొడవ, రెండో బ్యాచ్. 1.048 సాంద్రతతో మొదలుపెట్టాను (నీళ్లకి 1.000, చక్కెర ఎక్కువుంటే అంకె పెరుగుతుంది, ఈస్ట్ తినేకొద్దీ దిగుతుంది). మూడో రోజుకి నురుగంతా దిగిపోయింది, నాలుగో రోజుకి బీరు తేటపడిపోయింది. అబ్బ, ఎంత తొందరగా అయిపోయిందో అని మురిసిపోయి, ఆ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌లో 1.020 కనిపిస్తున్నా "ఈ ఈస్ట్ ఇంతేనేమో" అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఆరో రోజు సీసాల్లో పోసేశాను. మూడు వారాల తర్వాత మూత తీస్తే సగం బీరు గోడ మీదికి. మిగిలిన సగంలో వెన్న కాచిన వాసన. పప్పన్నంలోకైతే అద్భుతం, బీరులో గ్లాసెడు తాగలేం. ఆ వాసన డయాసిటిల్ అనే పదార్థానిది. పులిసేటప్పుడు ఏ ఈస్ట్ అయినా దానికి మూలపదార్థాన్ని బయటికి వదులుతుంది, అది డయాసిటిల్‌గా మారాక, చివర్లో అదే ఈస్ట్ దాన్ని మళ్లీ లోపలికి లాక్కుని శుభ్రం చేస్తుంది. మనది పని సగంలో వదిలేసి అడుక్కెళ్లి పడుకుంటే శుభ్రం చేసేదెవరు? తప్పు నాదే, ఈస్ట్‌ది కాదు.

అప్పట్నించీ నా పద్ధతి ఇది. స్టార్టర్ కలిపే ముందు చల్లారిన వోర్ట్‌ని (ఇంకా పులియని మాల్ట్ రసాన్ని) బకెట్లోంచి బకెట్లోకి ఎత్తి నాలుగుసార్లు పోస్తాను, ద్రవ ఈస్ట్‌కి మొదట్లో గాలి కావాలి. 18 డిగ్రీల దగ్గర వేసి, రెండు మూడు రోజులు 19 దాటకుండా చూసి, నురుగు దిగడం మొదలవగానే 21కి పెంచుతాను. ఆ తర్వాత పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి బకెట్‌ని మెల్లగా తిప్పి అడుగున ఉన్నదాన్ని లేపడమే, మూత మాత్రం తీయొద్దు. మీ గ్యారేజ్ రాత్రిళ్లు 15కి పడిపోయే రకమైతే మాత్రం ఈస్ట్ ముసుగు తన్ని పడుకుంటుంది, ఎంత తిప్పినా లేవదు, బకెట్‌ని ఇంట్లోకి తెచ్చుకోండి. మా ఇంట్లో దోసెపిండి పులవడానికి పెట్టే బాయిలర్ పక్క అరే దీనికీ స్థానం, దాని గురించి మా ఆవిడతో ఒప్పందం ఉంది. 1.015కి దిగాక కూడా ఇంకో మూడు రోజులు ఉంచి, కొంచెం బీరు గ్లాసులో తీసి 60 డిగ్రీల వేడినీళ్లలో ఇరవై నిమిషాలు పెట్టి, చల్లార్చి వాసన చూస్తాను. వెన్న వాసన లేకపోతేనే సీసాలు కడగడం.

ఇంత చాకిరీకి ఏం వస్తుందంటే, ఆరెంజ్ మార్మలేడ్ లాంటి పండు వాసన, మాల్ట్ తాలూకు బిస్కట్ రుచి ముందుకి రావడం, నోట్లో కొంచెం నిండుగా ఉండటం. చక్కెరలో దాదాపు 70 శాతమే తింటుంది కాబట్టి ఆ నిండుదనం. అవే దినుసులు, అవే హాప్స్‌తో (బీరుకి చేదు, సువాసన ఇచ్చే పూలు, నేను వాడేది తూర్పు కెంట్ గోల్డింగ్స్ రకం) నాటింగ్‌హామ్ అనే డ్రై ఈస్ట్ వేసి కూడా చేశాను. అది మంచి పనిమంతురాలు, ఉన్నదంతా ఊడ్చి తినేస్తుంది, బీరు శుభ్రంగా వస్తుంది, రుచిలో మాత్రం తన ముద్ర అంటూ ఏమీ వదలదు. విండ్సర్ అనే డ్రై ఈస్ట్ ఇంకో ఎత్తు. మాల్టోట్రయోస్ అనే చక్కెరని అది ముట్టుకోదు, కాబట్టి తియ్యగా మిగులుతుందని తెలిసే వాడాలి, మాల్ట్‌ని 65 డిగ్రీల దగ్గర నానబెడితే కొంత సర్దుకుంటుంది. ఎస్-04 ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, కొంత పండు వాసన, అడుగున గట్టిగా అతుక్కునే మడ్డి, ప్యాకెట్ చింపి పైన చల్లేస్తే చాలు. వారం మధ్యలో తీరిక లేనప్పుడు ఇప్పటికీ అదే వాడతాను.

ధర గురించి ఏడ్చాను కదా, దానికో దారుంది. సీసాల్లో పోశాక అడుగున మిగిలే మడ్డిని పెరుగు తోడు దాచుకున్నట్టే దాచుకోవచ్చు. శానిటైజ్ చేసిన జామ్ సీసాలో పావు లీటరు తీసి, మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు వారాల్లోపు తర్వాతి బ్యాచ్‌లో వేసేయాలి. మూత బిగించారో, గ్యాస్ పట్టి సీసా పేలుతుంది. తేలిక బీరు నుంచి బలమైన బీరుకి వెళ్లాలి, వెనక్కి రావద్దు, బాగా హాప్స్ పడిన బ్యాచ్ మడ్డి దాచొద్దు. నా ఐదు బ్యాచ్‌లకి కొన్నవి రెండే ప్యాకెట్లు, జులైది రెండోది, దాని మడ్డితోనే మిగతా రెండూ చేశాను. లెక్క వేస్తే డ్రై ప్యాకెట్ కంటే చవకే.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ ఎందుకు కోశానంటే, రెండు రోజులు ఊరెళ్లాల్సి వస్తే బకెట్ తిప్పే పని పక్కింటాయనకి చెప్పి వెళ్లాల్సి వచ్చింది, ఆయన తిప్పడంతో ఆగక మూత కూడా తీసి వాసన చూశాడట.